మరిది వీపీ (వీడియోఫోన్) నుంచి వేరే కంపెనీ వీపీకి చేస్తే బొమ్మ రావట్లేదు. రిలే గురించి తెలిసినవాళ్ళు ఉన్నారా?

తెనాలి వదిన (కొలంబస్, ఒహాయో)

అందరికీ నమస్కారమండి. ఇక్కడ ఎక్కువగా వీసాలు, ఇళ్ళ లోన్లు అడుగుతుంటారు. నాది కాస్త వేరే సమస్య.

మా మరిదికి పుట్టుకతోనే వినపడదు. గుంటూరులో చదువుకున్నాడు, ఐఎస్ఎల్ (ఇండియన్ సైగల భాష) బాగా వచ్చు. గ్రీన్ కార్డు మీద వచ్చి ఇప్పుడు మాతోనే ఉంటున్నాడు. పగలు గిడ్డంగిలో పని, సాయంత్రం కమ్యూనిటీ కాలేజీలో ఏఎస్ఎల్ (అమెరికన్ సైగల భాష) క్లాసు. ఆ క్లాసువాళ్ళు చెబితే ఒక రిలే కంపెనీకి (వినపడనివాళ్ళ ఫోన్ కాల్స్ ఇంటర్‌ప్రెటర్ ద్వారా కలిపేవాళ్ళు) అప్లై చేశాడు. వాళ్ళు ఇంటికొచ్చి టీవీకి వీడియోఫోన్ పెట్టె తగిలించి వెళ్ళారు, పైసా తీసుకోలేదు. ఫోన్ వస్తే హాల్లో దీపం వెలిగి ఆరుతుంది. ఇతను నంబర్ కొడితే టీవీలో ఇంటర్‌ప్రెటర్ కనిపిస్తారు. ఇతను చేతులతో చెప్పింది వాళ్ళు అవతలివాళ్ళకి ఇంగ్లీషులో చెబుతారు, అవతలి మాట ఇతనికి సైగల్లో చెబుతారు. మొన్న పిజ్జా షాపుకి తనే ఫోన్ చేసి ఉల్లిపాయలు వద్దని చెప్పి మరీ తెప్పించుకున్నాడు. మా ఆయన నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాడు.

ఇక గొడవేంటంటే, క్లాసులో ఇతని స్నేహితుడు ఇంకో కంపెనీ యాప్ వాడతాడు. ఇతను చేస్తే అక్కడ రింగ్ అవుతుంది, అతను ఎత్తుతాడు, మా టీవీ మాత్రం నల్లగా ఉంటుంది. మా మరిది అతనికి కనపడతాడు, అతను మాకు కనపడడు. ఇదే కంపెనీ వాడే వేరే స్నేహితుడితో అయితే అద్దంలా వస్తుంది. మా కంపెనీని అడిగితే తప్పు వాళ్ళదంటారు, వాళ్ళనడిగితే వీళ్ళదంటారు. అసలు రెండు కంపెనీలవి ఒకదానితో ఒకటి కలవవా? ఇద్దరూ ఒకే కంపెనీలో ఉండాల్సిందేనా?

బ్యాంకుతో ఇంకో తలనొప్పి. ఇంటర్‌ప్రెటర్ "ఇది రిలే కాల్" అనగానే బ్యాంకువాళ్ళు "మేము మూడో మనిషితో ఖాతా విషయాలు మాట్లాడం" అని పెట్టేస్తున్నారు. చివరికి మా ఆయనే తమ్ముడి పేరు చెప్పి మాట్లాడి పని కానిస్తున్నాడు. నాకది నచ్చట్లేదు.

వచ్చే నెల ఇల్లు మారుతున్నాం. ఈలోపు స్నేహితుడి కంపెనీకే మారిపోదామని మరిది అంటున్నాడు. నంబర్ పోతుందా? డిసెంబరులో తెనాలి వెళ్తున్నాడు, టాబ్లెట్ పట్టుకెళ్ళి అక్కడ్నుంచి ఇక్కడి బ్యాంకుకి చెయ్యొచ్చా? మా అత్తయ్యగారైతే "ఆ టీవీలో అమ్మాయి నాతో కూడా మాట్లాడుతుందా, వాడేమంటున్నాడో నాకు చెబుతుందా" అని అడుగుతున్నారు. ఏం చెప్పాలో తెలియలేదు.

ప్యాకెట్ పంతులు

ఒకవైపు బొమ్మ వస్తోంది, ఒకవైపు రావట్లేదు అన్నారు కదండీ. సగం జవాబు అందులోనే ఉంది.

రింగ్ వెళ్ళే దారి వేరు, బొమ్మ వచ్చే దారి వేరు. రింగ్ వెళ్ళింది, అతను ఎత్తాడు అంటే రెండు కంపెనీలు ఒకదాన్నొకటి గుర్తుపట్టాయన్నమాట. ఆ తర్వాత బొమ్మ చిన్న చిన్న ముక్కలుగా (యూడీపీ ప్యాకెట్లంటారు) మీ ఇంటి రౌటర్ దగ్గరికి వస్తుంది. లోపల ఎవరికివ్వాలో రౌటర్‌కి తెలియకపోతే పారేస్తుంది. మీ బొమ్మ బయటికి వెళ్ళడానికి అడ్డు లేదు కాబట్టి అతనికి మీరు కనపడుతున్నారు. ఒకే కంపెనీ కాల్స్‌లో సాధారణంగా వాళ్ళ సర్వరే మధ్యలో నిలబడి రెండు వైపులా అందిస్తుంది, అందుకే అక్కడ ఇబ్బంది తెలియదు.

ముందు ఒక పరీక్ష చెయ్యండి. మీ కంపెనీ యాప్ మరిది ఫోన్లో వేసి, వైఫై ఆపి, మొబైల్ డేటా మీద అదే స్నేహితుడికి చెయ్యమనండి. బొమ్మ వచ్చిందా, దొంగ మీ రౌటరే. రాలేదా, అది కంపెనీల గొడవ, రౌటర్ జోలికి పోకండి.

రౌటరే అని తేలితే అందులో ఎస్ఐపీ ఏఎల్‌జీ అని ఒక సెట్టింగ్ ఉంటుంది. సాయం చేస్తానని వచ్చి ప్యాకెట్ లోపలి అడ్రసులు తిరగరాసి చెడగొట్టే రకం. దాన్ని ఆపెయ్యండి. ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన పెట్టె ఒకటి, మీరు కొన్న వైఫై రౌటర్ ఇంకొకటి వరసగా ఉన్నాయా? ఉంటే మొదటిదాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో (తను ఆపకుండా నేరుగా దాటించేలా) పెట్టించండి. రెండు గేట్లు, ఇద్దరు వాచ్‌మన్లు అక్కర్లేదు. వీపీ పెట్టెకి వైఫై కాకుండా కేబులు లాగండి.

వీపీ మోడల్ ఏంటో కూడా చెప్పండి. బాగా పాతవి హెచ్.323 అనే కాల్ కలిపే పాత పద్ధతి మీద నడిచేవి. ఇప్పుడంతా ఎస్ఐపీ. పాతదైతే కొత్తది ఇమ్మని అడగడమే మేలు. డీఎమ్‌జెడ్‌లో (రౌటర్ కాపలా లేకుండా బయటికి తెరిచి) పెట్టెయ్యమని ఎవరైనా సలహా ఇస్తే అది ఆఖరి మార్గంగానే ఉంచుకోండి.

ఎడిసన్ పెద్దాయన

అమ్మా, ఈ పెట్టెలు, రౌటర్లు ఎందుకు చెప్పు? వాట్సాప్ వీడియో కాల్ ఉంది, ఫేస్‌టైమ్ ఉంది. పిల్లలందరూ అవే వాడుతున్నారు. మీ మరిది, ఆ స్నేహితుడు కూడా అదే చేసుకుంటే పోలా? పని ఉన్నచోట మీవారు మాట్లాడతారు. తమ్ముడికి అన్న మాట్లాడితే తప్పేముంది?

రోచెస్టర్ గోదారోడు

పెద్దాయన గారూ, వాట్సాప్ నేనూ వాడతాను. అమలాపురంలో ఉన్న మా అక్కతో రోజూ అందులోనే. నాకూ వినపడదండి. కానీ వాట్సాప్‌లో బ్యాంకుకి ఫోన్ చెయ్యండి, డెంటిస్టుకి చెయ్యండి, అత్యవసర నంబర్ 911కి చెయ్యండి చూద్దాం. ఫేస్‌టైమ్‌లో ఇంటర్‌ప్రెటర్ని ఎక్కడినుంచి తెస్తారు? వీపీ నంబర్ అంటే మామూలు పదంకెల ఫోన్ నంబర్. వినపడేవాళ్ళు ఎవరైనా మామూలు ఫోన్ నుంచి దానికి చేస్తే ఇంటర్‌ప్రెటర్ ద్వారా నాకు వస్తుంది. ఇంకో డెఫ్ (వినపడని) మనిషి చేస్తే మధ్యలో ఎవరూ లేకుండా నేరుగా వీడియోలో కలుస్తుంది. ఈ రెండూ ఒకే నంబర్‌లో జరగడంలోనే దాని విలువంతా ఉంది.

అన్న మాట్లాడితే తప్పేముంది అన్నారు, దాని సంగతి కింద చెబుతాను.

వదినగారూ, మీ మొదటి ప్రశ్నకి జవాబు: ఒకే కంపెనీలో ఉండక్కర్లేదు. ఏ కంపెనీ వీపీ అయినా ఏ కంపెనీ వీపీతోనైనా కలవాలి, ఏ కంపెనీ ఇంటర్‌ప్రెటర్‌కైనా చెయ్యగలగాలి. ఇది వాళ్ళ దయ కాదు, ఎఫ్‌సీసీ (అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ) నిబంధన.

ఇది ఊరికే రాలేదండి. నేను 2004లో ఇక్కడ ఎన్‌టీఐడీలో చదవడానికి వచ్చాను. రోచెస్టర్‌లోని ఆర్ఐటీ యూనివర్సిటీలోనే డెఫ్ విద్యార్థుల కాలేజీ అది. డార్మ్‌లో మా అంతస్తులో టీవీ మీద వీపీ-100 అనే పెట్టె ఉండేది. అప్పట్లో అదే గొప్ప. అందులోంచి ఆ కంపెనీ ఇంటర్‌ప్రెటర్లకే చెయ్యాలి. లైన్లో ఎంతసేపు నిలబడినా వేరే కంపెనీకి పోదామంటే కుదిరేది కాదు. డెఫ్ స్నేహితుడికి చెయ్యాలంటే అతని ఐపీ అడ్రసు కావాలి. కరెంటు పోయి మోడెమ్ మళ్ళీ మొదలైతే అడ్రసు మారిపోయేది, స్నేహితుడు దొరికేవాడు కాదు. కంపెనీలు తమ సొంత నంబర్లు ఇచ్చేవి గాని ఒకరి నంబర్ ఇంకొకరి పెట్టెకి అర్థమయ్యేది కాదు. వినపడే మా ప్రొఫెసర్ నాకు ఫోన్ చెయ్యాలంటే ముందు రిలే కంపెనీ నంబర్‌కి చేసి, తర్వాత నా వివరం చెప్పాలి. ఎవరు చేస్తారు అంత తంటా?

కాలిఫోర్నియాలోని డెఫ్ సంస్థల కూటమి 2005లో ఎఫ్‌సీసీ దగ్గర పిటిషన్ వేసింది. 2006 మే నెలలో ఎఫ్‌సీసీ తేల్చి చెప్పింది, వేరే కంపెనీ కాల్స్‌ని అడ్డుకుంటే కుదరదని, అలా అడ్డుకునేవాళ్ళకి రిలే నిధి నుంచి డబ్బు రాదని. 2008 జూన్‌లో పదంకెల నంబర్ల ఆర్డరు వచ్చింది. దాని తర్వాతే నాకు 585తో మొదలయ్యే సిసలైన రోచెస్టర్ నంబర్ వచ్చింది. దాన్ని రెజ్యుమెలో వేసుకున్న రోజు నాకింకా గుర్తుంది, అంతకుముందు ఆ చోట ఈమెయిలు ఒక్కటే ఉండేది.

కాబట్టి మీ మరిది ఆ స్నేహితుడి కోసం కంపెనీ మారక్కర్లేదు. పంతులుగారు చెప్పిన పరీక్ష ముందు చెయ్యండి. రౌటర్ కాదని తేలితే రెండు కంపెనీలకీ కాల్ చేసిన తేదీ, సమయం, రెండు నంబర్లు రాసి పంపండి. "నీదంటే నీదే" అని మళ్ళీ మొదలుపెడితే ఎఫ్‌సీసీకి ఫిర్యాదు పెట్టండి. ఖర్చు లేదు, వెబ్‌సైట్‌లోనే పెట్టొచ్చు. ఎఫ్‌సీసీ పంపిన ఫిర్యాదుకి కంపెనీ 30 రోజుల్లో జవాబివ్వాలి. రాయడం ఇబ్బందైతే ఎఫ్‌సీసీకి 2014 నుంచి ఏఎస్ఎల్‌లోనే మాట్లాడే సహాయ లైను ఉంది. వీపీ నుంచి చేస్తే అటువైపు చేతులతో మాట్లాడేవాళ్ళే కనపడతారు, ఇంటర్‌ప్రెటర్ అవసరమే లేదు. దానికి మీ మరిదే చెయ్యాలి. మీరు కాదు, మీవారు కాదు.

మారాలనే ఉంటే నంబర్ పోదు. సెల్‌ఫోన్ కంపెనీ మారినప్పుడు నంబర్ తీసుకెళ్ళినట్టే ఇదీ తీసుకెళ్ళొచ్చు. పాతది ముందే రద్దు చెయ్యకండి, కొత్త కంపెనీతోనే పోర్ట్ చేయించండి. రిజిస్ట్రేషన్‌కి పేరు, ఇంటి అడ్రసు, పుట్టిన తేదీ, సోషల్ సెక్యూరిటీ చివరి నాలుగంకెలు మళ్ళీ అడుగుతారు, అది మామూలే. ఒక్క మెలిక ఉంది. కలవాలి అనే నిబంధన కాల్‌కి, బొమ్మకి, ఇంటర్‌ప్రెటర్‌కి. వీడియో మెయిల్, మిస్డ్ కాల్స్ పట్టిక, రంగు రంగుల రింగ్ దీపాలు లాంటి అదనపు హంగులకి కాదు. పాత పెట్టె కంపెనీదే, వెనక్కి అడుగుతారు. హాల్లో వెలిగే దీపం కొత్త పెట్టెతో పనిచేస్తుందో లేదో ముందే అడగండి. నేను కంపెనీ మారినప్పుడు కొన్ని వారాలు దీపం లేక ఫోన్లు పోయాయి, మా ఆవిడ తిట్లు తిన్నాను.

బ్యాంకు సంగతి. 2010లో అమెరికా న్యాయశాఖ ఏడీఏ (వికలాంగుల హక్కుల చట్టం) నియమాలు సవరించినప్పుడు స్పష్టంగా రాసింది: వ్యాపారాలు రిలే కాల్స్‌కి మామూలు కాల్స్‌కి స్పందించినట్టే స్పందించాలి. బ్యాంకులూ అందులో వస్తాయి. "మూడో మనిషి" అనే మాటకి జవాబు ఏంటంటే, ఆ ఇంటర్‌ప్రెటర్ కాల్‌లో విన్నది బయట చెప్పకూడదు, కాల్ అయ్యాక అందులో మాట్లాడింది దాచుకోకూడదు. ఇవీ ఎఫ్‌సీసీ నిబంధనలే. బ్యాంకు కౌంటర్లో గుమాస్తాకి ఇంతకంటే కట్టుబాటు ఉందా?

కానీ ఫోన్ ఎత్తినవాడికి చట్టం చెబితే పని జరగదు. నేను చేసే పద్ధతి ఇది. కాల్ కలిపే ముందే ఇంటర్‌ప్రెటర్‌కి చెబుతాను, "రిలే అని పరిచయం వద్దు, నేరుగా నా పేరుతో మొదలుపెట్టండి" అని. సగం గొడవ అక్కడే తగ్గుతుంది. ఖాతా నంబర్లు, స్పెల్లింగులు సైగల్లో కాకుండా తెర మీద టైప్ చేస్తాను, తప్పు పోదు. ససేమిరా అంటే సూపర్‌వైజర్ని అడుగుతాను. ఒకసారి శాఖకి స్వయంగా వెళ్ళి ఖాతాలో "ఈ కస్టమర్ రిలే ద్వారా ఫోన్ చేస్తారు" అని రాయించుకున్నాను, తర్వాత సుఖం. ఇంకోటి, నా వీపీ నంబర్‌కి ఓటీపీ మెసేజ్ రాదు. అందుకని ఓటీపీకి సెల్ నంబర్, ఫోన్‌కి వీపీ నంబర్ అని బ్యాంకులో విడివిడిగా పెట్టించాను. మీ మరిది కూడా అది చూసుకోవాలి.

ఇప్పుడు పెద్దాయన అడిగినదానికి. అన్న తమ్ముడిలా నటించి మాట్లాడితే ఆ బ్యాంకులో అన్న గొంతే రికార్డు కావొచ్చు. రేపు తమ్ముడే రిలేలో చేస్తే "గొంతు వేరు" అని ఖాతా ఆపెయ్యొచ్చు. అది ఒక ఎత్తు. అసలు సంగతి వేరే ఉంది. నా చిన్నప్పుడు మా నాన్న నా బదులు అన్నిచోట్లా మాట్లాడేవాడు. ప్రేమతోనే. డాక్టరు అడిగిన ప్రశ్నకి "వాడికి బాగానే ఉందండి" అని తనే చెప్పేవాడు. నాకు కడుపులో ఎక్కడ నొప్పో ఎవరూ అడగలేదు. ఉల్లిపాయలు వద్దని పిజ్జా షాపుకి చెప్పిన మనిషికి బ్యాంకుతో మాట్లాడటం కష్టమా? పక్కన కూర్చోమనండి మీవారిని, మాట్లాడొద్దనండి.

అత్తయ్యగారికి మాత్రం కాస్త నిరాశే. ఇక్కడి వీఆర్ఎస్‌లో (ఈ వీడియో రిలే సేవ పేరు అదే) ఇంటర్‌ప్రెటర్లు ఏఎస్ఎల్ నుంచి ఇంగ్లీషులోకో, స్పానిష్‌లోకో చెబుతారు. తెలుగు లేదు. వాళ్ళకి ఐఎస్ఎల్ కూడా రాదు. మన దగ్గర అక్షరాలు రెండు చేతులతో చూపిస్తాం, ఇక్కడ ఒక చేత్తో. వచ్చిన కొత్తలో నేను పేరు చెప్పడానికే చెమటలు పట్టేవి. అత్తయ్యగారికి వాట్సాపే. పక్కన మీరో, ఇంటి సైగలు తెలిసిన ఇంకెవరో కూర్చోండి. ఇక్కడ మాత్రం పెద్దాయన మాట కరెక్టే.

తెనాలి నుంచి ఇంటర్‌ప్రెటర్ కాల్స్ చెయ్యాలంటే బయల్దేరే ముందే కంపెనీకి చెప్పాలి, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ దేశం అని. చెప్పకుండా వెళ్తే విదేశీ ఐపీ అడ్రసు నుంచి వచ్చిన కాల్‌కి వాళ్ళకి నిధి నుంచి డబ్బు రాదు, కాబట్టి కలపరు. ఈ నిబంధన వెనక కథ ఉంది. నిమిషాల లెక్కన డబ్బు వస్తుందని కొందరు దొంగ కాల్స్ నడిపించారు, 2009 నవంబరులో 26 మంది మీద కేసులు పెట్టారు. ఆ తర్వాతే బిగించారు. ఎవరో తిన్నదానికి మనం సంజాయిషీ ఇచ్చుకుంటున్నాం.

ఆస్టిన్ అమ్మ

గోదారోడు గారు దాదాపు అన్నీ చెప్పేశారు. మా అమ్మాయి డెఫ్, ఇప్పుడు హైస్కూల్లో ఉంది. నేను అనుభవంతో చెప్పేవి కొన్ని.

వదినగారూ, ఇల్లు మారుతున్నారు కదా, మారిన రోజే వీపీలోనూ, యాప్‌లోనూ 911 అడ్రసు మార్పించండి. ఏ అడ్రసు రిజిస్టరై ఉంటే అంబులెన్స్ అక్కడికే వెళ్తుంది. నంబర్ గొడవ, దీపం గొడవ తర్వాత. ముందు ఇది.

డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడు ఫోన్లో వీఆర్ఎస్ యాప్ తెరిచి ఇంటర్‌ప్రెటర్ చేత పని కానిద్దామని మాకు తెలిసినవాళ్ళు చేస్తుంటారు. అది కుదరదు. మాట్లాడే ఇద్దరూ ఒకే గదిలో ఉంటే వీఆర్ఎస్ వాడకూడదు, ఇంటర్‌ప్రెటర్ కాల్ ఆపేస్తారు. అక్కడ కావల్సింది వీఆర్ఐ అనే వేరే సేవ (ఒకే గదిలో ఉన్నవాళ్ళకి వీడియోలో ఇంటర్‌ప్రెటర్), లేదా మనిషే రావాలి. దాని ఏర్పాటు, ఖర్చు ఆసుపత్రిది. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే చెప్పి పెట్టుకోవాలి. మేము వెళ్ళే ఒక క్లినిక్‌లో "అమ్మ ఉంది కదా, మీరే చెప్పండి" అన్నారు. నేను చెప్పనన్నాను. అమ్మ అమ్మగానే ఉంటుంది అన్నాను. కాసేపు చికాకు పడ్డారు, తర్వాతిసారికి ఏర్పాటు చేశారు.

మీకు ఏఎస్ఎల్ వస్తే, 2019 నుంచి మీలాంటి వినపడేవాళ్ళు కూడా వీపీ నంబర్ తీసుకోవచ్చు. దాంతో రిలే కాల్స్ రావు, డెఫ్ వాళ్ళతో నేరుగా వీడియో కాల్స్‌కే. నేను ఆఫీసు నుంచి అమ్మాయికి అలాగే చేస్తాను. దానికి ఇంకో యాప్ నేర్పక్కర్లేదు, స్నేహితులకి చేసినట్టే నాకూ చేస్తుంది. మీ మరిదితో పాటు ఆ సాయంత్రం క్లాసులో మీరూ చేరండి. ఊరికే అనట్లేదు.

ఎడిసన్ పెద్దాయన

సరేనయ్యా, నాకు తెలియని విషయాలు చాలా చెప్పారు. మా వీధిలో ఒకాయన ఉన్నాడు, ఎప్పుడు ఫోన్ చేసినా ఒక ఆడమనిషి గొంతు వచ్చేది, ఆయన భార్యేమో అనుకునేవాణ్ణి. ఇప్పుడు అర్థమైంది. ఇంతకీ ఇదంతా ఉచితం అంటున్నారు, డబ్బెవరిస్తున్నారు?

రోచెస్టర్ గోదారోడు

మీరూ, నేనూ. టెలిఫోన్ కంపెనీలన్నీ తమ ఆదాయంలోంచి టీఆర్ఎస్ అనే ఈ రిలే నిధికి కట్టాలి, అది మన బిల్లుల్లోంచే వస్తుంది. 1990 ఏడీఏ చట్టంలో నాలుగో అధ్యాయం ప్రధానంగా ఈ రిలే గురించే. ఆ ఆడగొంతు ఒక్కోసారి మగగొంతు కూడా అవుతుంది చూడండి, ఇంటర్‌ప్రెటర్ ఎవరు దొరికితే వాళ్ళు. ఆయనతో మాట్లాడేటప్పుడు "ఆయనకి చెప్పండి" అనకండి, నేరుగా ఆయనతోనే మాట్లాడండి. "ఆయనకి చెప్పండి" అన్నా ఇంటర్‌ప్రెటర్ ఆ మాటే సైగ చేస్తారు, మాకు నవ్వొస్తుంది.

తెనాలి వదిన (కొలంబస్, ఒహాయో)

అందరికీ చాలా థాంక్సండి. పంతులుగారూ, మొబైల్ డేటా మీద బొమ్మ వచ్చింది! రౌటరే దొంగ. మా ఆయన ఎస్ఐపీ ఏఎల్‌జీ ఆపేశాడు, ఇప్పుడు టీవీలో కూడా స్నేహితుడు కనపడుతున్నాడు. కాకపోతే సాయంత్రంపూట మా మరిది బొమ్మ అక్కడ మధ్యమధ్యలో ఆగిపోతోంది, చేతులు గాల్లో ఉండిపోతాయి, వాక్యం మిస్ అవుతుంది అంటున్నాడు ఆ స్నేహితుడు.

బ్యాంకు ఇంకా పూర్తిగా తెగలేదు. ఈసారి మరిదే చేశాడు, పరిచయం వద్దని ఇంటర్‌ప్రెటర్‌కి చెప్పి. చిరునామా మార్పు దాకా బానే జరిగింది, డబ్బు బదిలీ దగ్గర సూపర్‌వైజర్‌కి ఇచ్చారు, ఆమె శాఖకి రమ్మంది. శుక్రవారం వెళ్తాడు. మా ఆయన కారులోనే కూర్చుంటానని మాటిచ్చాడు.

గోదారోడు గారూ, మీరు రాసిందంతా మరిదికి చూపించాను. మీ నాన్నగారి డాక్టరు సంగతి చదివి వాళ్ళన్న వైపు చూసి ఏదో సైగ చేశాడు, మా ఆయన నాకు చెప్పట్లేదు. ఇప్పుడు మరిది అడుగుతున్న ప్రశ్న: స్నేహితుడితో బొమ్మ వస్తోంది కాబట్టి మారాల్సిన అవసరం లేదు, కానీ ఇప్పటి కంపెనీలో కొందరు ఇంటర్‌ప్రెటర్లు తన సైగలు అర్థం చేసుకోలేకపోతున్నారు. ఏ కంపెనీ మంచిది?

రోచెస్టర్ గోదారోడు

కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే నాకు నచ్చినవాళ్ళు ఆయనకి నచ్చాలని లేదు. మారకుండానే పరీక్షించొచ్చు. తన వీపీ నుంచే వేరే కంపెనీ రిలే నంబర్‌కి డయల్ చేసి, వాళ్ళ ఇంటర్‌ప్రెటర్‌తో కాల్ చెయ్యమనండి. దీన్ని డయల్ అరౌండ్ అంటారు. అడ్డుకోకూడదు. నేను డార్మ్‌లో చెయ్యలేకపోయింది ఇదే. పిజ్జా షాపు, మంగలి షాపు లాంటి చిన్న కాల్స్ ఒక్కో కంపెనీతో చేసి చూస్తే, ఎవరి చేతులు తనకి తేలిగ్గా అర్థమవుతున్నాయో, ఎవరు తనని మళ్ళీ మళ్ళీ చెప్పమంటున్నారో తెలుస్తుంది. ఎంత త్వరగా ఎత్తుతున్నారో కూడా చూడమనండి. నూటికి 80 కాల్స్ 120 సెకన్లలోపు ఎత్తాలనేది నిబంధన, కానీ పొద్దున ఆఫీసులు తెరిచే వేళ తేడా కనపడుతుంది.

ఇంటర్‌ప్రెటర్ అర్థం చేసుకోకపోతే మార్చమని అడగొచ్చు. మొహమాటపడాల్సిన పనిలేదు. మన ఐఎస్ఎల్ అలవాటు చేతుల్లో ఉండిపోతుంది, నాకు ఇప్పటికీ అంకెల దగ్గర పాతది వచ్చేస్తుంది. అందుకే టైప్ చెయ్యమన్నది.

నా వీపీ నంబర్ మీకు ప్రైవేట్ మెసేజ్‌లో పంపాను. శనివారం సాయంత్రం చెయ్యమనండి. ఐఎస్ఎల్‌లోనే మాట్లాడుకుందాం, నేను కొన్ని మర్చిపోయి ఉంటాను, ఆయనే గుర్తు చెయ్యాలి. మీవారి వైపు చూసి చేసిన సైగ ఏంటో నేను అడిగి తెలుసుకుంటాను, మీకు చెబుతానని మాత్రం మాటివ్వను.

ప్యాకెట్ పంతులు

వదినగారూ, సాయంత్రమే ఆగిపోతోందంటే ఆ టైములో ఇంట్లో ఎవరో అప్‌లోడ్ లాగేస్తూ ఉండొచ్చు. డౌన్‌లోడ్ స్పీడు చూసి మురిసిపోకండి, సైగలు బయటికి వెళ్ళేది అప్‌లోడ్ మీద. పిల్లల గేములు, ఫోటోల బ్యాకప్ ఆపి ఒకసారి చూడండి. రౌటర్లో క్యూఓఎస్ (ఎవరి ప్యాకెట్లు ముందు పోవాలో చెప్పే సెట్టింగ్) ఉంటే వీపీ పెట్టెకి మొదటి వరస ఇవ్వండి. కేబులు లాగారా లేదా? దానికి జవాబు ఇవ్వలేదు మీరు.

తెనాలి వదిన (కొలంబస్, ఒహాయో)

లాగలేదండి. వచ్చే నెల ఇల్లు మారుతున్నాం కదా అని మా ఆయన బద్ధకించాడు. ఇవాళే 50 అడుగుల కేబులు ఆర్డరు పెట్టించాను.